మాయా ద్వీపమాలకు పునాది: ఏ రకం దీవులు ఏ కథకు నప్పుతాయి?

తెలుగులో అద్భుత నవల రాయబూనేవారిలో చాలామంది కథాస్థలంగా ద్వీపమాలనే ఎంచుకుంటున్నారు. అందుకు కారణం తెలిసిందే. ఒక్కో దీవికి ఒక్కో రాజ్యం, ఒక్కో విద్య, ఒక్కో ఆచారం పెట్టుకోవచ్చు. కథ మందగించినప్పుడల్లా నాయకుణ్ణి పడవెక్కించవచ్చు. అయితే నెల్లూరులో నా దగ్గరికి చదివి చెప్పమని వచ్చే రాతప్రతుల్లో ఎక్కువ భాగం ఒకే చోట చతికిలబడుతున్నాయి. వాటిలో దీవులకు పేర్లుంటాయి, రంగుల పటం ఉంటుంది, మంత్రగాళ్ళ వంశవృక్షం ఉంటుంది. ఆ దీవుల్లో తాగే నీరు ఎక్కడిదో, ఒక రేవు నుంచి మరో రేవుకు ఎన్నాళ్ళు పడుతుందో, ఏ నెలలో పడవ కదలదో మాత్రం ఉండదు. అవి లేనప్పుడు మంత్రానికి పని ఉండదు, పని లేని మంత్రం బాణసంచాగా మిగిలిపోతుంది.

కాబట్టి నా సలహాలో వరుస కొంచెం వేరుగా ఉంటుంది. ముందు దీవులు ఎలా పుట్టాయో నిర్ణయించుకోవాలి. అది తేలితే నీరు, గాలి, దూరం అనే మూడూ చాలావరకు వాటంతటవే తేలతాయి. ఆ మూడింటిలో దేనికి కరువుందో చూసుకుని, మంత్రాన్ని అక్కడ నాటాలి. పటం గీయడం, పేర్లు పెట్టడం ఆ తర్వాతి పనులు.

పుట్టుకను బట్టి దీవులు

మొదటి రకాన్ని వరుసదీవులు అందాం. భూగర్భంలో కదలకుండా ఉన్న వేడి ఊట మీదుగా సముద్రపు నేల మెల్లగా జరుగుతుంటే, ఊటకు పైన వచ్చిన చోటల్లా ఒక అగ్నిపర్వతం లేస్తుంది. ముందుకు జరిగాక చల్లారుతుంది, అరుగుతుంది, చివరికి మునుగుతుంది. హవాయి దీవులు ఇలా ఏర్పడినవే. ఆగ్నేయపు కొసన ఉన్న పెద్ద దీవి వయసు పది లక్షల ఏళ్ళ లోపు, వాయవ్యాన ఉన్న కవాయి వయసు సుమారు 50 లక్షల ఏళ్ళు. ఇంకా వాయవ్యంగా పోతే నీటిని ఒరుసుకుంటూ ఉండే పగడపు దిబ్బలు, ఆపైన పూర్తిగా మునిగిపోయిన కొండలు వస్తాయి. మరోవైపు, పెద్ద దీవికి ఆగ్నేయాన సముద్రం అడుగున ఇంకో అగ్నిపర్వతం ఇప్పటికే పెరుగుతోంది.

వంశాల కథ, తరాల కథ రాయదలచినవారికి ఇంతకంటే అనువైన రకం లేదు, ఎందుకంటే కాలం పటంలోనే గీసి ఉంటుంది. కొత్త దీవిలో మంత్రం పచ్చిగా, అదుపు లేకుండా ఉంటుందనీ, పాత దీవుల్లో అరిగి, మెత్తబడి, నియమాలకు లొంగి ఉంటుందనీ అనుకుంటే చాలు, ఏ దీవి జనం ఎలా మాట్లాడతారో, ఎవరు ఎవరిని చిన్నచూపు చూస్తారో రచయితకు తట్టడం మొదలవుతుంది. మునిగిన దీవులు పితృలోకం కావచ్చు. ఇంకా పైకి రాని దీవి మీద హక్కు ఎవరిదన్న తగువు కథకు వెన్నెముక కావచ్చు. ఎత్తయిన కొండలుంటాయి కనుక వానలో తేడాలను కూడా వాడుకోవచ్చు. కవాయి దీవి నడుమ ఉన్న వాయాలేయాలే శిఖరం మీద ఏడాదికి 9 మీటర్లకు పైగా వాన కురుస్తుంది, అదే దీవి పడమటి తీరంలో అర మీటరు దాటడమే గొప్ప. మన నెల్లూరు వైపు ఏడాదంతా కలిపి మీటరు అటూ ఇటూగా పడుతుంది కాబట్టి ఆ తేడా ఎంతటిదో ఊహించుకోవచ్చు. ఈ రకంలో ఒక లోపముంది: దీవులన్నీ దాదాపు ఒకే గీత మీద ఉండడం వల్ల ప్రయాణానికి రెండే దిక్కులుంటాయి, నడిమి దీవి సుంకం గేటుగా మారుతుంది. కథకు అలాంటి నడిమి దీవి అక్కరలేకపోతే ఈ రకాన్ని వదిలేయడం మంచిది.

రెండవది వంపుదీవులు. ఒక భూఫలకం మరొకదాని కిందికి దిగే చోట విల్లులా వంగిన దీవుల వరుస లేస్తుంది. మనకు దగ్గరి ఉదాహరణ అండమాన్, నికోబార్. అక్కడి బ్యారెన్ దీవి మన దేశంలో ఇప్పటికీ రగులుతున్న ఏకైక అగ్నిపర్వతం; 1787లో ఎగసినట్టు నమోదై, తర్వాత చాలాకాలం నిద్రపోయి, 1991లో మళ్ళీ మేల్కొంది. 2004 డిసెంబర్ 26 నాటి భూకంపంలో నికోబార్ దక్షిణపు కొసన ఉన్న ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా కుంగిపోగా, ఉత్తర అండమాన్‌లో పగడపు దిబ్బలు నీటి పైకి లేచాయి. ఒకచోట నేల లేస్తే మరోచోట కుంగుతుందన్న ఈ నిజం మంత్రవ్యవస్థకు కావలసినంత బలమైన సూత్రం: ఒక దీవిని పైకెత్తే మంత్రం మరో దీవిని ముంచక తప్పదు. యుద్ధం, రాజనీతి, ప్రాయశ్చిత్తం ప్రధానంగా నడిచే కథకు ఈ రకం నప్పుతుంది. ఆ భూకంపం లేపిన సునామీ మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల తీరాన్నీ తాకిందన్న సంగతి మాత్రం మరచిపోకూడదు. పోటెత్తిన కడలిని కథలో హంగు కోసం వాడితే, దాన్ని చూసినవారు చదివేటప్పుడు ఆ తేలికదనం ఇట్టే పట్టేస్తారు. ఉపద్రవం రాయదలచుకుంటే మరుసటి వారం కూడా రాయాలి: కొట్టుకుపోయిన వలలు, ఉప్పెక్కిన బావులు, సరిహద్దు రాళ్ళు కనబడక నేల ఎవరిదో తేలని పంచాయితీలు.

మూడవది పగడపు దీవులు, అంటే లక్షద్వీప్, మాల్దీవుల వంటివి. లక్షద్వీప్‌లో 36 దీవులుంటే జనం ఉండేవి పది, మొత్తం నేల 32 చదరపు కిలోమీటర్లు మాత్రమే. కుంగిపోతున్న అగ్నిపర్వతం చుట్టూ పగడాలు పైపైకి పెరుగుతూ పోతే చివరికి వలయాకారపు దీవులు మిగులుతాయని 1842లో డార్విన్ రాశాడు; 1952లో పసిఫిక్‌లోని ఎనివెటాక్ వద్ద బోరు వేసినప్పుడు 1,200 మీటర్లకు పైగా పగడపు సున్నపురాయి కింద నిజంగానే అగ్నిపర్వతపు రాయి తగిలింది. ఇక్కడ కొండలు లేవు, ఏరులు లేవు, రాయి దొరకదు, కలప అంటే కొబ్బరి మానే. ఉన్న సంపదల్లా దీవి ఇసుకలో, ఉప్పునీటి మీద తేలుతూ నిలిచే మంచినీటి పొర.

ఈ పొర లెక్కను ప్రతి రచయితా ఒకసారి చూసుకోవాలి. మంచినీరు ఉప్పునీటి కన్నా కొంచెం తేలిక. అందువల్ల సముద్రమట్టానికి పైన ఒక మీటరు మంచినీరు నిలిస్తే, దాని కింద సుమారు 40 మీటర్ల లోతు వరకు మంచినీరే ఉంటుంది; పైన ఒక మీటరు తగ్గించేలా తోడితే కింద ఉప్పునీరు 40 మీటర్లు పైకి వస్తుంది. మైపాడు వైపు ఇసుక తిన్నెల్లో చెలమ తవ్వినవారికి ఇది పుస్తకం చదవకుండానే తెలుసు. మోకాటి లోతు తవ్వగానే తడి ఇసుక రంగు మారుతుంది, అంచులు జారుతుంటాయి, అడుగున ఊరిన నీటిని చిప్పతో మెల్లగా పైపైన తీసుకుంటే తియ్యగా ఉంటుంది. ఆత్రంగా బిందెతో తోడితే కాసేపటికే ఉప్పదనం తగులుతుంది. పగడపు దీవి మంత్రానికి ఈ చెలమను మించిన నమూనా నాకు కనిపించలేదు. కంటికి కనిపించే శక్తి ఒక పాలు, అడుగున దాగినది నలభై పాళ్ళు. అవసరానికి మించి తోడినవాడి దగ్గర అది ఉప్పగా మారుతుంది, మళ్ళీ తియ్యనవ్వాలంటే వానలు పడాలి. పాత్రలు తక్కువగా ఉండి, సన్నగా, దగ్గరగా నడిచే కథకు పగడపు దీవులు మంచి ఎంపిక. పెద్ద సైన్యాలు, కోటలు, గుర్రాలు కావాలనుకునేవారు వీటి జోలికి పోకపోవడమే మేలు. అన్ని గుర్రాలకు నీళ్ళు ఎవరు తేగలరు?

ఈ మూడూ వద్దనుకునేవారికి మన పురాణాల్లో రెండు నమూనాలున్నాయి. జంబూద్వీపం మొదలు పుష్కరం దాకా ఏడు దీవులు, వాటి మధ్య ఉప్పునీరు, చెరుకురసం, మద్యం, నెయ్యి, పెరుగు, పాలు, మంచినీటి సముద్రాలు వలయాలుగా ఉండే ఏర్పాటు ఒకటి. ఇంద్రుడు రెక్కలు నరకబోతే సముద్రంలో దాక్కున్న మైనాకుడి వంటి, ఒకప్పుడు ఎగిరిన కొండలు రెండవది. వలయాల ఏర్పాటు పారాయణంలో అందంగా ఉంటుంది కానీ ప్రయాణ కథలో ఇరుకున పెడుతుంది, ఎందుకంటే ప్రతి అధ్యాయంలోనూ ముందున్న వలయాన్ని దాటడం తప్ప నాయకుడికి వేరే దారి ఉండదు. ఎగిరే కొండల ఊహకు మాత్రం ఇంకా చాలా ఆయువుంది. తెగిన రెక్కలు పడిన చోట్లే దీవులని అనుకుంటే, ఏ దీవి ఏ కొండ రెక్కో, ఏ రెక్కకు ఇంకా చలనం మిగిలి ఉందో అన్న ప్రశ్నలతోనే ఒక సంపుటం నడుస్తుంది.

మన ఉప్పుటేటి దిబ్బలు

నాలుగో రకాన్ని విడిగా చెప్పడానికి కారణముంది. అది మన ముంగిట్లోనే ఉంది, అయినా మనవాళ్ళ కథల్లో దాదాపుగా కనిపించదు. సముద్రపు అల ఇసుకను తెచ్చి తీరానికి సమాంతరంగా పొడుగాటి గట్టు పోస్తుంది. గట్టుకూ నేలకూ మధ్య చిక్కిన నీరు ఉప్పునీటి సరస్సవుతుంది. అందులో అక్కడక్కడా దిబ్బలు దీవులుగా నిలుస్తాయి. 2022 వరకు చాలా భాగం నెల్లూరు జిల్లాలో ఉండి, ఆ తర్వాత తిరుపతి జిల్లాలోకి వెళ్ళిన పులికాట్ సరస్సు సరిగ్గా ఇదే. శ్రీహరికోట ఆ ఇసుక గట్టు. ఇరకం, వేనాడు లోపలి దిబ్బలు. దేశంలోని ఉప్పునీటి సరస్సుల్లో చిలికా తర్వాత పెద్దదైన ఈ సరస్సు విస్తీర్ణం కాలాన్ని బట్టి 250 నుంచి 450 చదరపు కిలోమీటర్ల మధ్య మారుతుంటుంది, సగటు లోతు మాత్రం మనిషి నడుము దగ్గరే ఆగిపోతుంది.

సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్ళే రోడ్డు సరస్సును చీల్చుకుంటూ పోతుంది. డిసెంబర్‌లో ఆ రోడ్డుకు రెండు పక్కలా నీరు. నీటిలో వరుసగా తలలు ముంచి మేసే రాజహంసలు. దూరాన నేలపట్టు నుంచి మేతకు వచ్చిన గూడబాతులు. మే నెలలో అదే రోడ్డు మీద నిలబడితే రెండు పక్కలా పగుళ్ళు తేలిన బురద, దాని మీద తెల్లని ఉప్పు పొర, పొర మీద అడ్డంగా నడిచిపోయిన పశువుల కాలిగుర్తులు కనిపిస్తాయి. ఒకే చోటు ఏడాదిలో సగం రోజులు సముద్రంగానూ సగం రోజులు మైదానంగానూ ఉండడం కన్నా పెద్ద మాయను కల్పించడం కష్టం. డిసెంబర్‌లో పడవ తప్ప దారి లేని పల్లెకు మే నెలలో సైన్యం నడిచి రాగలదు. కోట కట్టుకున్న రాజు వేసవిని తలచుకుని భయపడతాడు.

ఈ రకంలో అసలు అధికారం ముఖద్వారానిది. పులికాట్‌లో రాయదొరువు వద్ద సముద్రంలోకి ఉన్న ముఖద్వారం ఇసుకతో పూడిపోవడం, పూడిక తీయాలని జాలర్లు అడగడం ఇక్కడివారికి ఎప్పటినుంచో తెలిసిన సంగతే. ద్వారం తెరుచుకుంటే పోటుతో పాటు రొయ్య పిల్లలు, చేప పిల్లలు లోపలికి వస్తాయి. మూసుకుపోతే వేసవిలో నీరు సముద్రం కన్నా ఉప్పగా మారుతుంది, వానాకాలంలో దాదాపు మంచినీరవుతుంది. మంత్రబలాన్ని ఈ ఉప్పదనానికే ముడిపెట్టి చూడండి. నీరు ఉప్పగా ఉన్నప్పుడు మంత్రం పలుకుతుంది, వరద నీరు కలిసినప్పుడు మూగబోతుంది. అప్పుడు వేసవి మాంత్రికుల కాలం, అదే ఆకలి కాలం కూడా. ఈశాన్య రుతుపవనాలతో వానలు పడే అక్టోబర్, డిసెంబర్ మధ్య కాలం చేపలకు, వరికి, పెళ్ళిళ్ళకు మంచిది, మంత్రానికి పనికిరాదు. ఎగువన నది మీద ఆనకట్ట కట్టినవాడు నీరు వదిలితే శత్రువు మంత్రం చచ్చిపోతుంది, తన ప్రజల పైరూ కొట్టుకుపోతుంది. ముఖద్వారం పూడ్చే హక్కు ఒక కులసంఘం చేతిలో, తెరిచే హక్కు మరో సంఘం చేతిలో ఉంటే, రాజు నామమాత్రమవుతాడు. ఇలాంటి కథలో దుష్టుడు లేకపోయినా గొడవకు లోటుండదు.

ఈ ఎంపికకూ హద్దులున్నాయి. నేల చదునుగా ఉంటుంది కాబట్టి శిఖరాలు, గుహలు, జలపాతాలు దొరకవు. దూరాలు చిన్నవి, ఒక దిబ్బ మీద పొయ్యి రాజేస్తే పక్క దిబ్బ నుంచి పొగ కనిపిస్తుంది. మహాసముద్రపు సాహసం రాయాలన్న కోరిక ఉన్నవారికి ఇది చాలదు. రహస్యాలు దాగని ఊళ్ళు, ఇరుగుపొరుగు పగలు, పంపకాలు, పెళ్ళి సంబంధాల మధ్య మంత్రం పెట్టి రాయదలచినవారు మాత్రం మరో రకం వైపు చూడనక్కరలేదని నా అభిప్రాయం. మరో మాట కూడా ఇక్కడే చెప్పాలి. శ్రీహరికోటలో 1971 అక్టోబర్ 9న తొలి రాకెట్ ఎగరడానికి ముందు, ఆ అడవిలో తరతరాలుగా యానాదులు ఉండేవారు. రాకెట్ కేంద్రం వచ్చాక వారిలో చాలామంది చోటు మారవలసి వచ్చింది. మీ దీవిలో మంత్రపీఠం కట్టడానికి ముందు అక్కడ ఎవరున్నారన్న ప్రశ్న వేసుకుంటే, అడవిలో మందుమొక్కలు తెలిసిన ముసలివాళ్ళను కథలో అలంకారంగా నిలబెట్టి వదిలేసే అలవాటు తగ్గుతుంది.

దూరం, గాలి

దూరాన్ని కంటితో కొలుచుకోవాలి. ఒడ్డున నిలబడ్డ మనిషికి సముద్రం మీద చూపు దాదాపు 5 కిలోమీటర్ల దగ్గర ఆగిపోతుంది. ఇరవై మీటర్ల కొబ్బరిచెట్లున్న చదునైన దీవి 20 కిలోమీటర్ల అవతలికి కనిపించదు. వెయ్యి మీటర్ల కొండ ఉన్న దీవి, గాలి తేటగా ఉంటే, వంద కిలోమీటర్లకు పైనుంచి కూడా ఆనవాలు పట్టవచ్చు. అందువల్ల వరుసదీవుల జనానికి పక్క దీవి ఎప్పుడూ కళ్ళముందే ఉంటుంది, పగడపు దీవుల జనానికి పక్క దీవి ఒక నమ్మకం. కనిపించే దీవితో యుద్ధం చేస్తారు, కనిపించని దీవి గురించి కథలు చెప్పుకుంటారు. మీ నవలకు ఏది కావాలో చూసుకుని దూరం పెట్టుకోండి. తెరచాప పడవ మంచి గాలిలో గంటకు 7, 8 కిలోమీటర్లు నడుస్తుందనుకుంటే, పగటివేళ ప్రయాణం 70, 80 కిలోమీటర్లు. ఆ కొలతకు లోపల దీవులను పెడితే పాత్రలు రాత్రికి ఇల్లు చేరతాయి. బయట పెడితే నడిసముద్రంలో రాత్రి గడపాలి, నక్షత్రాలు చదివేవాడు కావాలి. మార్షల్ దీవుల నావికులు కెరటాల వంపులను పుల్లలతో, గవ్వలతో కట్టిన పటాల్లో నేర్చుకునేవారు. కాగితపు పటం లేని లోకం రాసేవారికి అది పనికొస్తుంది.

గాలి విషయంలో రెండే దారులు. పసిఫిక్‌లో మాదిరిగా ఏడాదంతా దాదాపు ఒకే వైపు నుంచి వీచే గాలి పెట్టుకుంటే, ప్రతి దీవికీ ఒక తడి ముఖం, ఒక పొడి ముఖం స్థిరంగా ఏర్పడతాయి, వెళ్ళడం సులువు తిరిగి రావడం కష్టం అవుతుంది. బంగాళాఖాతంలో మాదిరిగా కాలాన్ని బట్టి తిరిగే గాలి పెట్టుకుంటే, ఆరు నెలలు పోవడం, ఆరు నెలలు రావడం అన్న లయ కథకు దానంతటదే వస్తుంది. మన తీరం వెంబడి నీటి ప్రవాహం కూడా ఫిబ్రవరి, ఏప్రిల్ మధ్య ఉత్తరానికి, అక్టోబర్, డిసెంబర్ మధ్య దక్షిణానికి నడుస్తుంది. తెలుగు పాఠకుడికి రెండవదే ఒంటబడుతుంది. గాలి మళ్ళే వరకు పరాయి రేవులో చిక్కుకున్న వర్తకుడు అక్కడే ఇల్లు కట్టుకోవడం, రెండో సంసారం పెట్టడం, రెండు భాషలు మాట్లాడే పిల్లలు పుట్టడం, ఇవన్నీ ఆ గాలితోనే వస్తాయి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మన తీరంలో మరపడవల వేట నిషేధం ఉన్నట్టే, మంత్రానికి కూడా ఒక నిషేధ కాలం పెట్టి చూడండి. ఆ రోజుల్లో దొంగచాటుగా మంత్రం వేసినవాడికి ఊరి పెద్దలు ఏ శిక్ష వేస్తారన్న దగ్గర ఒక అధ్యాయం దొరుకుతుంది.

మంత్రం ఎక్కడ ఉండాలి

మంత్రాన్ని నేలలో ఉంచవచ్చు, కాలంలో ఉంచవచ్చు, రక్తంలో ఉంచవచ్చు, వస్తువులో ఉంచవచ్చు. నేలలో ఉంచితే ఒక్కో దీవికి ఒక్కో శక్తి ఏర్పడుతుంది, పాఠకుడికి గుర్తుండడం సులువు. అయితే నిప్పు దీవి, నీటి దీవి, గాలి దీవి అంటూ జాబితాగా మారే ప్రమాదం ఎక్కువ. వరుసదీవులకు తప్ప ఈ పద్ధతిని నేను సిఫారసు చేయను. అక్కడ కూడా దీవులు శక్తి రకంలో కాకుండా శక్తి ముదురులో తేడా పడితేనే బాగుంటుంది. రక్తంలో ఉంచే పద్ధతి, అంటే పుట్టుకతో మంత్రం రావడం, ఇప్పటికే అరిగిపోయింది. రాజవంశపు అనాథ బిడ్డ కథ మళ్ళీ రాయాలన్న పట్టుదల ఉంటే తప్ప దాని జోలికి పోవద్దు.

కాలంలో ఉంచడం మన తీరానికి బాగా సరిపోతుంది. అమావాస్యకు, పున్నమికి పోటు పెరుగుతుందన్నది జాలరి ఇంట్లో పిల్లలకు కూడా తెలుసు. మన దగ్గర ఆటుపోట్ల తేడా మీటరు అటూ ఇటూగానే ఉంటుంది, కానీ నేల చదునుగా ఉన్నచోట ఆ మీటరే కిలోమీటర్ల కొద్దీ నీటిని లోపలికి తెస్తుంది. మంత్రం తిథిని బట్టి పలికితే పంచాంగం రాసేవాడు మంత్రికి సమానమవుతాడు, తిథి తప్పు చెప్పించడం కుట్రలకు ఆయుధమవుతుంది.

వస్తువులో ఉంచే పద్ధతికి చరిత్రలోనే మంచి ఆధారముంది. మాల్దీవుల గవ్వలు కొన్ని శతాబ్దాల పాటు బెంగాల్‌లో నాణేలుగా చెల్లాయి. ఒక దీవిలో ఒడ్డున ఏరుకునే వస్తువు మరో దేశంలో బియ్యం కొనిపెట్టింది. గవ్వలో మంత్రం ఉందనుకోండి. ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఏడాది మంత్రం చవక, రాని ఏడాది ప్రియం; ఎవరో గవ్వల పెంపకం కనిపెడితే పెద్ద మాంత్రికుల విలువ నెలలోపే పడిపోతుంది. వర్తకం, మోసం, హాస్యం కలిసిన కథకు పగడపు దీవులు, వస్తువులో మంత్రం అనే జోడీని మించినది లేదు. వంపుదీవులకైతే నేను పైన చెప్పిన లేవడం, కుంగడం చాలు. దానికి తోడు మరో మంత్రవ్యవస్థను అతికిస్తే రెండూ చెడతాయి.

సంఖ్య, జంతువులు, పేర్లు

వందల దీవులు ఉండవచ్చు, కానీ పాఠకుడు కాలు మోపేవి ఐదారుకు మించకూడదు. మిగిలినవి పడవవాళ్ళ మాటల్లో వినిపిస్తే చాలు. జంతువుల విషయంలో దీవులు రచయితకు బాగా సహకరిస్తాయి: ఒంటరి దీవుల్లో పెద్ద జంతువులు తరాలు గడిచేకొద్దీ చిన్నవై, చిన్నవి పెద్దవయ్యే ధోరణి ఉంటుంది. ఇండోనేషియాలోని ఫ్లోరెస్ దీవిలో పొట్టి ఏనుగుజాతి జంతువుల ఎముకలు దొరికాయి. 2003లో అక్కడే సుమారు మీటరు ఎత్తున్న ప్రాచీన మానవజాతి అవశేషాలు బయటపడ్డాయి. తిమింగిలాన్ని మింగే జలచరాలను కల్పించే ముందు ఈ చిన్న ఏనుగును ఒకసారి తలచుకోండి. కథలో ఏది ఎక్కువ కాలం గుర్తుంటుందో నాకు అనుమానం లేదు.

పేర్లకు సంస్కృత సమాసాలూ వాడవచ్చు, తీరపు పేర్లూ వాడవచ్చు. రెంటినీ కలిపి, దూరదేశపు పటాల్లో ఒక పేరు, ఊరివాళ్ళ నోట ఒక పేరు ఉన్నట్టు రాస్తే దీవికి చరిత్ర ఉన్నట్టు తోస్తుంది. దిబ్బ, తిప్ప, పాలెం, రేవు, దొరువు అన్న ముగింపులు మన రెండు జిల్లాల పటంలో కావలసినన్ని దొరుకుతాయి.

రేవులో చెల్లే చట్టం

చివరగా తేల్చుకోవలసినది, ఎక్కువమంది అసలు తలవనిది, ఓడ పగిలితే సరుకు ఎవరిదన్న సంగతి. ద్వీపమాలలో తుపాను తప్పదు, తుపానులో ఓడ పగలకా తప్పదు. 2022 వరకు ప్రకాశం జిల్లాలో, ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్న మోటుపల్లిలో 1244లో కాకతీయ గణపతిదేవుడు వేయించిన అభయశాసనం దీనికి చక్కని నమూనా. గాలివాన తాకిడికి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు మొత్తంగా లాగేసుకునేవారనీ, ప్రాణాల కన్నా ధనం ప్రియమని నమ్మి సముద్రం దాటి వచ్చే వర్తకుల పట్ల దయతో తాను నిర్ణీత సుంకం తప్ప తక్కినదంతా వదిలేస్తున్నాననీ ఆయన అందులో ప్రకటించాడు. చందనం, కర్పూరం, ముత్యాలు, పన్నీరు, పగడాలు, మిరియాలు వంటి సరుకుల మీద సుంకాల వివరం కూడా ఆ శాసనంలోనే ఉంది.

మీ దీవుల్లో పాత పద్ధతి చెల్లుతుందా, ఈ కొత్త పద్ధతి చెల్లుతుందా? పాత పద్ధతి ఎంచుకుంటే ఒడ్డున ఉన్నవాళ్ళకు తుపాను పంట. అప్పుడు గాలిని పిలిచే మంత్రం తెలిసినవాడు ఊరికి పూజ్యుడు, వర్తకుల దృష్టిలో హంతకుడు. కొత్త పద్ధతి ఎంచుకుంటే రాజుకు సుంకం వస్తుంది, రేవు పెరుగుతుంది, ఒడ్డుపల్లెల ఆదాయం పోతుంది, గాలిమంత్రం చట్టవిరుద్ధమవుతుంది. ఒకే ద్వీపమాలలో సగం దీవులకు ఒకటి, సగం దీవులకు మరొకటి పెట్టడం అన్నిటికన్నా లాభసాటి ఎంపిక. అలా పెట్టిన రోజున రెండు రకాల దీవుల నడుమ పగిలిన ఓడను ఒకదాన్ని తీసుకుని, ఆటుకు అది ఏ ఒడ్డుకు చేరుతుందో, అందులో ఏ సరుకుందో, బతికి బయటపడ్డవారు ఎవరో రాసుకుంటే, మొదటి అధ్యాయానికి కావలసిన పని మొత్తం చేతికి వస్తుంది.